గోడపాలు

కాన్పుల వార్డులో ప్రతి మంచానికీ గోడలోంచి పాలగొట్టం వచ్చాక, తల్లిపాలు పట్టించడం నేర్పే విభాగంలో హెడ్ నర్సు హైమావతి ఒక్కతే మిగిలింది. ఒకరోజు బాలింత చైత్ర కూతురు, గొట్టం నోట పెడితే ఉమ్మేసి గుక్కపట్టి ఏడుస్తోంది.

హైమావతి దగ్గరికి వెళ్లగానే చైత్ర అత్త నూకరత్నం అడ్డం నిలబడింది.

"మా మనవరాలికి మనిషి పాలు పట్టిస్తావా? సిగ్గులేదూ నీకు?"

"పసిదాని నోరెండిపోతోందండీ. చైత్రా, నువ్వేమంటావమ్మా?"

చైత్ర అత్త వైపు చూడకుండా జాకెట్టు హుక్కులు విప్పింది. హైమావతి బిడ్డ తల పట్టుకుని రొమ్ముకు అందించింది. ఏడుపు ఆగింది.

నూకరత్నం కేకలకు సెక్యూరిటీవాళ్లు వచ్చి హైమావతి చెయ్యి పట్టుకుని లాగారు.

"ఆవిణ్ణి వదలండి," అని అరిచింది చైత్ర. "రెండోవైపు ఎలా పట్టాలో నాకింకా రాదు."