తొమ్మిది నుంచి ఒకటి దాకా

"తల తిప్పకూడదు మాస్టారూ," అంది పరీక్ష పెట్టే అమ్మాయి.

లెక్కల మాస్టారికి ఒళ్లు మండింది. ఆ ముక్క ఇన్నేళ్లూ ఆయన ఇతరులకు చెప్పినదే. పైగా ఈ పిల్ల పదమూడో ఎక్కం రాక ఆయన క్లాసులో బెంచీ ఎక్కిన ఘనురాలు.

అయినా ఓర్చుకున్నారు. ఈమధ్య పాఠం చెబుతుంటే మాట జారిపోతోంది. త్రిభుజం అనబోయి తలుపు అంటున్నారు. పిల్లలు బల్లల కింద దూరి నవ్వుతున్నారు. ఇవాళ నెగ్గితే మళ్లీ బడి. లేకపోతే పడక్కుర్చీ, భార్య చేతి చీవాట్లు.

"ఏదైనా పెద్ద సంఖ్య చెప్పండి."

"తొంభై ఎనిమిది కోట్ల డెబ్బై ఆరు లక్షల యాభై నాలుగు వేల మూడు వందల ఇరవై ఒకటి," అన్నారాయన ఊపిరి తిప్పుకోకుండా. "తొమ్మిది నుంచి ఒకటి దాకా మెట్లు దిగినట్టుంటుంది. నాకు పెళ్లికి ముందునుంచీ పరిచయం."

"ఇంట్లో అమ్మగారికి తెలుసా?"

"తెలుసు. ఓర్చుకుంది."

గది చల్లగా ఉంది. వెనక నిలబడ్డ పెద్దాయన నవ్వలేదు. ప్రశ్నలూ అడగలేదు. ఆయన పని ఆయనది.

"అంకెలన్నీ కూడితే ఎంత?"

"నలభై... నలభై గొడుగు."

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన చేయి టక్కున ఆగింది.

"ఇటు వద్దు," అన్నారు తన పక్కన సాయంగా నిలబడ్డామెతో, నెమ్మదిగా.

"నేనేమన్నానమ్మాయ్?"

"గొడుగు అన్నారు."

"బయట వర్షమేమో," అన్నారు మాస్టారు. "ఏదీ, మళ్లీ అడుగు."

"కూడితే?"

"నలభై ఐదు. కాబట్టి ఆ సంఖ్యను తొమ్మిది నిశ్శేషంగా భాగిస్తుంది. హమ్మయ్య!"

"ఆ సంఖ్యను చివర్నుంచి మొదటికి తిప్పి రాసి, అసలు సంఖ్యలోంచి తీసేస్తే?"

"ఎనభై ఆరు కోట్ల నలభై ఒక్క లక్షల తొంభై ఏడు వేల అయిదు వందల ముప్ఫై రెండు. చూశావా, ఒకటి నుంచి తొమ్మిది దాకా అందరూ మళ్లీ హాజరు! ఒక్కడూ పోలేదు, ఒక్కడూ కొత్తగా రాలేదు. కుర్చీలు మార్చుకున్నారంతే."

"తిప్పి రాసిన దానితో అసలు సంఖ్యను భాగిస్తే?"

"ఎనిమిది సార్లు పోతుంది. మిగిలేది తొమ్మిది. నీకైతే ఈ లెక్కకి ఓ పలకంతా కావాలి."

"ఇప్పటికీ కావాలండీ," అంది అమ్మాయి.

"ఇక చాలు," అన్నారు పెద్దాయన మొదటిసారి కాస్త గట్టిగా.

"పాసా, ఫెయిలా?" అన్నారు మాస్టారు.

"పాసే మాస్టారూ. సోమవారం కాదు గానీ, త్వరలోనే బడికి."

మాస్టారు తృప్తిగా కళ్లు మూసుకున్నారు. వెనక పెద్దాయన చేతి తొడుగులు మార్చుకుని, ఇందాక గడ్డ తీయడానికని కోసి పక్కన పెట్టిన మాస్టారి పుర్రె ముక్కను తీసుకుని తిరిగి ఆయన తలకు అతికించసాగారు.