కారు కాపలా

విమానం దిగి రెండు గంటలైంది. వెంకటనారాయణకు తన కారు ఇంకా కనిపించలేదు.

శంషాబాద్ ఎయిర్‌పోర్టు పార్కింగ్ శుద్ధ దండగని ఆయన సిద్ధాంతం. బయట రోడ్డు పక్క ఖాళీ స్థలంలో కారు పెట్టించి, తాను తిరిగొచ్చేదాకా డ్రైవర్ అర్షద్‌ను అందులోనే పడుకోమంటాడు. నూరెకరాల పామాయిల్ తోట ఉంటే మాత్రమేం? కాపలాకు మనిషి ఊరికే దొరుకుతుంటే పార్కింగ్ ఎవడు కొంటాడు!

అశ్వారావుపేటలో తండ్రి శవం వాకిట్లో ఉంది. పొద్దుగూకేలోగా దహనం చేయాలి. ఆరు గంటల దారి. తలకొరివి పెట్టాల్సిన పెద్దకొడుకు, ట్యాక్సీకి డబ్బు పోయడానికి మనసొప్పక, ఇక్కడ కారు వెతుకుతున్నాడు.

చివరికి అర్షద్ ఫోనెత్తాడు.

“ఎక్కడ చచ్చావురా? కారేదీ?”

“ఎయిర్‌పోర్టు లోపల, పార్కింగ్‌ల ఉంది సార్.”

“లోపలా? ఎంత గుంజుతారో తెలుసా నీకు? సర్లే, తాళం పట్టుకుని రా!”

“తాళం నా జేబుల్నే ఉంది. నేను పాల్వంచల, మా ఇంట్ల ఉన్న.”

వెంకటనారాయణ గొంతు తగ్గించాడు. “అర్షదూ, నాన్నగారు పోయార్రా.”

“ఎరుకే సార్. తెల్లారుజామున ఆ కబురు ఇన్నంకనే కారు లోపల పెట్టి బస్సెక్కిన.”

వెంకటనారాయణ వాచీ చూసుకున్నాడు. ఒంటిగంట దాటింది; ఇప్పుడు ట్యాక్సీ ఎక్కినా పొద్దుగూకేలోగా చేరలేడు.

“నిరుడు మా అబ్బా పోయిన నాడు, ఊరికి పోతనని ఫోన్‌ల ఏడ్సిన. కారిడిసి కదలొద్దన్నరు. మా తమ్ముడే మట్టిచ్చిండు. మీకు గూడ చిన్న సారున్నడు గద, తలకొరివి పెడ్తడు తియ్యండ్రి.”