కొత్తగా అలికిన గోడ

ముప్పై ఇళ్ళు చూశాడు ఐజాక్. ముప్పై ఇళ్ళ గోడల మీదా దోమల మందు తెల్లగా, చారలు చారలుగా అలాగే ఉంది.

మలేరియా సూపర్‌వైజరుగా పదకొండేళ్ళలో అతను ఇలాంటి లెక్క చూడలేదు. మందు కొట్టిన గోడను మూడు నెలలు అలకకూడదు. అలికితే మందు మట్టి కిందికి పోతుంది, దోమ హాయిగా పైన వాలుతుంది. ఆ మాట అతను చెప్పని ఊరు లేదు, విన్న ఊరూ లేదు. కొర్రకొత్త పండగ వస్తే చాలు, అనంతగిరి కొండల మీద ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఎర్రమట్టే.

ఈ గూడెంలో మాత్రం పండగ వెళ్ళిపోయినా ఎవరూ మట్టి ముట్టుకోలేదు. కారణం ఇక్కడి ఆశా కార్యకర్త కనక. మట్టి తట్టలు లాక్కుందట. తిట్లు తిందట.

"దానింటికే కదా బాబూ వచ్చినావు, పద," అంది ముసలి బుద్రి.

ఐజాక్ మెచ్చుకోలు మాట సిద్ధం చేసుకుంటూ వెళ్ళాడు.

కనక ఇంటి గోడలు నాలుగూ ఎర్రగా నిగనిగలాడుతున్నాయి. మట్టి ఇంకా ఆరనైనా లేదు.

"ఏటి కనకా ఇది?"

గుమ్మంలో కూర్చున్న కనక తల ఎత్తలేదు. "ఆపలేకపోనాను సారు."

"పండగకి ఊరందర్నీ ఆపి, పండగయ్యాక నీ ఇల్లు సోకు సేసుకున్నావా?"

ఐజాక్ మనసులో కూడిక మొదలైంది. నాలుగు రోజులుగా ఈమె నుంచి జ్వరాల రిపోర్టు లేదు. ఫోనెత్తడం లేదు. మధ్యాహ్నమైనా పొయ్యి వెలిగించలేదు. అతనికి టీ కూడా పక్కింటి నుంచే వచ్చింది. పని మీద మనసు పోయిందన్నమాట.

"రేపు అందరూ నీ గోడే సూపిస్తారు. కనక అలికింది, మేమెందుకు అలకకూడదంటారు. ముప్పై ఇళ్ళ మందూ మట్టిపాలు, నీ ఒక్కదాని ముచ్చటకి!"

వీధిలో నిలబడ్డ ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రిజిస్టరు ఇటియ్యి. రక్తపరీక్ష కిట్లు కూడా. వచ్చేవారం నుంచి ఇంకెవరైనా సూస్తారు."

కనక లోపలికి వెళ్ళి సంచీ తెచ్చి అతని ముందు పెట్టింది. బతిమాలలేదు. అది చూసి అతనికి ఇంకా మండింది.

"ఊరి సేతుల్ని ఆపినదానివి, నీ సేతుల్ని ఆపుకోలేకపోయావా?"

బుద్రి తన రెండు చేతులూ అతని ముందుకు చాపింది. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి.

"అలికింది మేము బాబూ, వద్దంటా మా కాళ్ళ మీద పడిపోనాది గానీ, దీని కడుపున పుట్టిన గుంట జొరంతో సచ్చిపోనాక సావింటి గోడ అలక్కుండా ఎలాగ ఒగ్గేత్తాం?"