మబ్బు పరీక్ష

ఊళ్ళోంచి కరెంటు స్తంభాలు తీసేశాక ఎవరి తోటకు వారి సౌరఫలకాలే దిక్కయ్యాయి. సుంకన్న తోటలో వాటిని బిగించిన బాషా ఆనవాయితీ ప్రకారం అడిగాడు: "పెద్దాయనా, బ్యాటరీ చిన్నది. మబ్బు పట్టినప్పుడు ఏది ఆగకూడదు? ఒక్కటే చెప్పాల."

"బోరు మోటారు," అన్నాడు సుంకన్న, ఊపిరి యంత్రం నుంచి ముక్కుకు పెట్టుకున్న గాలిగొట్టం సర్దుకుంటూ. "చీనీచెట్లు ఎండిపోతే నేనుండి ఏం జేసేదుండాది?" అని బాషా చాచిన కాగితం మీద బొటనవేలి ముద్ర వేశాడు. కోడలు వన్నూరమ్మ ఆ ముద్ర వైపూ, మామ ముక్కుకున్న గొట్టం వైపూ చూసింది.

మబ్బు పరీక్ష చేయనిదే బిగించినవాడు తోట విడిచి వెళ్ళకూడదు. బాషా ఫలకాల మీద టార్పాలిన్ పట్ట కప్పాడు. ఫ్యాను ఆగింది, దీపం ఆరింది, కాసేపటికి సుంకన్నకు ఊపిరినిచ్చే యంత్రమూ మూగబోయింది. మోటారు మాత్రం నీళ్ళు పోస్తూనే ఉంది. ఆయాసంతో ఎగపోస్తూనే ముసలాయన బత్తాయి పాదుల్లోకి పారే నీటిని తృప్తిగా చూస్తున్నాడు. బాషా పట్ట తీయబోతే వద్దని సైగ చేశాడు.

వన్నూరమ్మ పరుగున వెళ్ళి పట్టను లాగిపారేసింది. యంత్రం మళ్ళీ గురగురలాడింది.

"దీన్నంటే లాగేస్తి మామా," అందామె వగరుస్తూ. "నిజం మబ్బునైతే ఏం పట్టుకొని లాగల్ల?"

సుంకన్న చెట్లవైపు ఓసారి చూశాడు. తరువాత ఆ కాగితం మార్చి రాయమన్నట్టు బాషా వైపు మళ్ళీ బొటనవేలు చాచాడు.