దిష్టి ముడి

"మామ్మా, ఈసారి తడిమి చూడు!" హైందవి కేక పెట్టింది.

డిజిటల్ ఆల్బమ్‌లోని బొమ్మలు కూడా నిజం వస్తువుల్లా చేతికి తగిలే రోజులవి. తెర మీద ఫొటో చుట్టూ అతికించిన రిబ్బను పట్టులా జారేది, గుండీ చల్లగా తగిలేది. అలాంటి అలంకారాలు చేయడమే హైందవి పని. అక్క పెళ్లి ఆల్బమ్‌కి మాత్రం మామ్మ వీరరాఘవమ్మ నరసాపురంలో అల్లిన లేసునే స్కాన్ చేసి అంచుగా వేసింది.

చూపు పోయి, అల్లిక మానేసిన మామ్మ పొద్దున దాన్ని తడిమి, "ఇది నాది కాదే," అని చెయ్యి తీసేసింది.

హైందవి అసలు లేసు తెచ్చి ఒక్కో పువ్వూ పోల్చింది. మూలన ఒక ముడి వదులుగా ఉంది. దిష్టి తగలకుండా మామ్మ ప్రతి లేసులోనూ కావాలని వదిలే ముడి అది. సాఫ్ట్‌వేర్ దాన్ని తప్పనుకుని బిగించేసింది! హైందవి ఆ సవరణ తీసేసి, ముడిని మళ్లీ వదులు చేసింది.

ఇప్పుడు మామ్మ వేళ్లు అంచు వెంట నడిచి, మూలన టక్కున ఆగాయి.

"ఇదిగోనే నా ముడి! నాదేనే ఇది!"

హైందవి చప్పట్లు కొడుతూ గంతులేసింది.

"గంతులు తర్వాత. ముందు నా లేసు సూది తేవే, నీ పెళ్లికి కొత్తది అల్లుతాను."

"కనపడదు కదా మామ్మా, ముడి తప్పితేనో?"

"తప్పితే తప్పనీవే. దిష్టికి పనికొస్తుంది!"