పేరు లేని పద్దు

"నేలచూపులు కాదు, నా మొహం చూసి చెప్పండి. ఎవరిచ్చారీ డబ్బు?" తనిఖీ అధికారి గద్దించాడు.

లెక్కలక్క తలెత్తింది. అనాథాశ్రమంలో లెక్కలు రాసే ఆమెకు పిల్లలు పెట్టుకున్న పేరది. నెలనెలా విరాళాల పెట్టెలో ఎవరో పెద్ద మొత్తం వేసిపోతున్నారు. పిల్లల కడుపులు నిండుతున్నది దాంతోనే. ఇప్పుడదే మెడకు చుట్టుకుంది. ఇచ్చినవారి పేరు లేకపోతే దొంగసొమ్ము కింద లెక్కట, సాయంత్రానికి ఆశ్రమానికి తాళమట. విడ్డూరం కాకపోతే, పేరు చెప్పుకోకుండా ఇస్తే దేవుడి దగ్గర పుణ్యం, ఆఫీసులో నేరం!

"తెలిస్తే చెప్పనా సార్? కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మొక్కుకున్నాడేమో ఆ మహానుభావుడు!"

"అవును. తన నోటితో చెప్పుకుంటే మొక్కు చెడుతుంది," అన్నాడాయన గొంతు తగ్గించి. అంతలోనే మళ్ళీ, "మీరైనా చూసుండరా? వచ్చేటప్పుడో, పోయేటప్పుడో?"

"లేదు సార్."

"అనుమానమైనా లేదా? ఎవరో ఒకరి పేరు చెప్పండి. మీ పద్దులో రాయండి, మారుమాట్లాడకుండా ఒప్పుకుంటాను."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క పేరు! పాలవాడిదో, కూరలవాడిదో. గబగబా లెక్కల పుస్తకం తెరిచి కలం అందుకుంది. పేజీ నెత్తిన తను రాసిన మాటే ఎదురైంది, 'దేవుడి సాక్షిగా' అని. ఆశ్రమం పెట్టిన పెద్దాయన నేర్పిన పద్ధతి అది. లెక్క రాయడమంటే దేవుడి ముందు నిలబడి మాట్లాడటమేనమ్మా, అనేవాడు. ఆమె కలం కింద పెట్టేసింది.

"నావల్ల కాదు సార్. ఇందులో అబద్ధం రాయలేను."

"పిల్లలు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోతారమ్మా!"

"తెలుసు!" ఆమె భోరుమంది. "తెలిసే ఏడుస్తున్నా."

"పోనీ నా పేరే రాసి చావండి!" ఆయన బల్ల చరిచాడు.

"పుండు మీద కారం చల్లకండి సార్. మా గోడు మీకు వేళాకోళంగా ఉందా?"

ఆయన ఆశ్రమం మూసేయమన్న కాగితం మీద సంతకం పెట్టాడు. సాయంత్రం వ్యాన్లు వచ్చాయి. పిల్లలందరిలోకీ చిన్నది ఆమె కొంగు వదలనంటే వదలనంది. వేళ్ళు విడదీసి ఎక్కించాల్సి వచ్చింది. తలుపులకు తాళం పడింది.

లెక్కలక్క ఇక ఆగలేకపోయింది. ఆయన మొహం మీదే దుమ్మెత్తిపోసింది. "నువ్వు మనిషివి కాదు, బండరాయివి! ఆ డబ్బిచ్చిన పుణ్యాత్ముడి ఉసురు తగులుతుంది నీకు!"

ఆయన తల వంచుకుని విన్నాడు.

ఆ పుణ్యాత్ముడు ఆయనే.