అరచెయ్యి తేడా

“ఈత నిక్కరొకటి కొనిపెట్టమ్మా,” అన్నారు శ్రీనివాసరాజు, ఇడ్లీ ముక్క చట్నీలో ముంచుతూ.

శరణ్య చేతిలో గరిటె ఆగిపోయింది. తాతగారికి తొంభై దాటింది. పోయిన నెల ఈ అరబ్బు దేశానికి, ఈసా టౌన్‌లోని తన ఫ్లాటుకి తెచ్చుకున్నప్పుడు, ముహర్రక్ ఎయిర్‌పోర్టులో ఆయన్ని చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు.

“ఎవరికండీ?”

“నాకే. శుక్రవారం కన్నబాబుగాడితో పందెం ఉంది.”

తప్పు శరణ్యదే. తెలుగువాళ్ల పిక్నిక్కి ఆయన్ని తీసుకెళ్లింది తనే. సిత్రా రిఫైనరీలో పనిచేసే విశాల్ కూడా ఆ రోజే వాళ్ల తాతయ్యని తీసుకొచ్చాడు. ఆ తాతయ్యే కన్నబాబు. ముసలాళ్లిద్దరూ పులిహోర ప్లేట్లతో ఎదురుపడ్డారు. డెబ్బై ఏళ్ల తర్వాత!

“నువ్వింకా పోలేదేంట్రా?” అన్నారు శ్రీనివాసరాజు.

“అన్నిట్లోనూ నీకంటే ముందుండటం నాకలవాటు కదా. ఇదొక్కటైనా నీకొదిలేద్దామని ఆగాను,” అన్నాడు కన్నబాబు.

అంతే. పందెం కుదిరిపోయింది.

అసలు కథ శరణ్యకి కంఠోపాఠం. నరసాపురం కాలవలో ఈత నేర్చిన ఇద్దరు కుర్రాళ్లు మద్రాసులో ఓడెక్కి, పరాయి దేశంలో ఆటల పోటీలకి వెళ్లారు. పధ్నాలుగు దేశాలవాళ్లు వచ్చారట. పదిహేను వందల మీటర్ల ఈత. సర్కారువారు ఇచ్చిన ఊలు నిక్కర్లు నీళ్లు పీల్చుకుని మోకాళ్ల దాకా జారిపోతుంటే, ఒక చేత్తో ఈత, ఇంకో చేత్తో పరువు. ఆఖరి పాతిక మీటర్లకి ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. జనమంతా లేచి నిలబడ్డారు. బ్యాండు మోగుతోంది. ముందు శ్రీనివాసరాజు చెయ్యి గోడకి తగిలింది. అరచెయ్యి తేడాతో కన్నబాబు చెయ్యి తగిలింది.

జడ్జి ఆ సమయానికి అటు తిరిగి టీ తాగుతున్నాడు. తాగడం అయ్యాక ఇటు తిరిగి, కన్నబాబు పేరు పైన రాసేశాడు.

“ఊళ్లో దిగాక కుర్రకుంకలు కూడా నన్ను చూసి పళ్లికిలించారు,” అనేవారు శ్రీనివాసరాజు. “వాడికి నిజం తెలుసు. ఒక్క మాట చెప్పలేదు.”

తిరుగు ఓడలోనే ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. కథ ఇక్కడి దాకా ఎన్నిసార్లయినా చెప్పేవారు గానీ, పతకం మాటెత్తితే మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయేవారు. దాంతో ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు.

శుక్రవారం పొద్దున్న విశాల్ వాళ్ల కాంపౌండులోని స్విమ్మింగ్ పూల్ దగ్గర చేరారు. విశాల్ బీపీ మిషను తెచ్చాడు. మలయాళీ లైఫ్‌గార్డు ఇద్దరినీ ఎగాదిగా చూసి, చొక్కా ముందే విప్పేసి సిద్ధంగా కూర్చున్నాడు.

కన్నబాబు నిక్కరు నిండా అనాసపళ్ల బొమ్మలు.

“ఏంట్రా ఆ పళ్ల బండి?”

“మనవడిది. నీదేంటి, దుప్పటి కత్తిరించి కుట్టించావా?”

దూకొద్దని శరణ్య ఒట్టు పెట్టించుకుంది. నిచ్చెన పట్టుకుని నీళ్లలోకి దిగడానికే మూడు నిమిషాలు పట్టింది. ఇక కానివ్వండన్నట్టు లైఫ్‌గార్డు “యల్లా!” అని అరిచాడు.

నీళ్లు తగలగానే శ్రీనివాసరాజు మోకాళ్ల నొప్పులు ఎటో పోయాయి. భుజాలకి పాత పని గుర్తొచ్చింది. సగం దూరం వచ్చేసరికి రెండు బారలు ముందున్నారు. ఓరగా పక్కకి చూశారు.

పక్కన నీళ్లే ఉన్నాయి. కన్నబాబు లేడు.

ఆయన గిర్రున వెనక్కి తిరిగారు. పట్టుకుందామంటే వాడి తలకి జుట్టు లేదు. చెవి దొరికింది. చెవి పట్టుకునే పైకి లాగారు.

“ఒరే, నిజం చెప్పకుండా పోయావంటే నరకానికైనా వచ్చి తంతాను!”

లైఫ్‌గార్డు దభీమని దూకాడు. “ఖలాస్ అంకుల్, ఖలాస్!” అంటూ ఇద్దరినీ చెరో చంకలో ఇరికించుకుని గట్టుకి చేర్చాడు.

కన్నబాబు చాలాసేపు దగ్గాడు. నీళ్లు కక్కాడు. విశాల్ బీపీ పట్టీ చుట్టబోతే తోసేశాడు.

“నీ చెయ్యే ముందు తగిలిందిరా రాజూ,” అన్నాడు. “నేను చూశాను. జడ్జి నా పేరు పైన రాస్తుంటే మా నాన్న బెత్తం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.”

శ్రీనివాసరాజు డెబ్బై ఏళ్లుగా కూడబెట్టిన బూతులు చాలా ఉన్నాయి. వెతుక్కుంటే ఒక్కటీ తగల్లేదు. తన తువ్వాలు తీసి కన్నబాబు భుజాల మీద కప్పారు.

“ఈ ముక్క ఓడలోనే ఏడ్చుంటే బాగుండేది కదరా. నీ తర్వాత పేకాటకి సరైనవాడు దొరక్క చచ్చాను.”

శరణ్య కళ్లు తుడుచుకుంది. ఇంట్లో ఎవరూ అడగని ప్రశ్న ఇప్పుడు అడగొచ్చనిపించింది.

“అయితే తాతగారూ, ఆ బంగారు పతకం మీకు రావలసిందాండీ?”

ముసలాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“బంగారం గెలిచినవాడు అప్పటికే తల తుడుచుకుని, పతకం మెళ్లో వేసుకుని బస్సెక్కేశాడమ్మా,” అన్నారు శ్రీనివాసరాజు, “మా ఇద్దరి గొడవా ఆఖర్న వచ్చిందెవడన్నదే.”